అక్క కళ్ళలో తెల్లచుక్క

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశాను. నిమ్మకాయ కోస్తే రక్తం ఎలా కారుతుందో, కత్తికి ముందుగా ఏం పూసి ఉంచుతారో పిల్లలకు చేసి చూపించినదాన్ని. పిల్లి ఎదురొస్తే "పాపం, దానికేం పనుందో" అనుకుని నా దారిన నేను పోయే రకం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను పిరికిదాన్ని అనుకుంటారేమోనని. జరిగింది అర్ధరాత్రి కాదు, పాడుబడిన ఇంట్లో కాదు. విజయవాడ నడిబొడ్డున, పట్టపగలు, జనం తిరుగుతున్న హాల్లో.

నాకున్న వ్యసనం ఒక్కటే, బొమ్మలు చూడటం. హైదరాబాద్, చెన్నై మ్యూజియాలకు ఎన్నిసార్లు వెళ్ళానో చెప్పలేను. కాన్వాసు నిండా ఎర్ర చారలు రెండు గీసి కింద పెద్ద పేరు పెడితే నాకు అర్థం కాదు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గూ లేదు. మనుషుల బొమ్మలైతే మాత్రం గంటలు నిలబడిపోతాను. ముందు కళ్ళు చూస్తాను. కళ్ళలోనూ ముందుగా చూసేది తెల్లచుక్క.

నల్లగుడ్డు మీద పడే వెలుగు అది. చిత్రకారులు దాన్ని ఆఖరున పెడతారు. అది పడేదాకా ముఖం అంటే రంగు పూసిన గుడ్డముక్కే. చుక్క పడగానే మనిషి మనవైపు చూస్తాడు. ఒకసారి హైదరాబాద్‌లో ఎవరో జమీందారు భార్య బొమ్మ ముందు అలాగే నిలబడిపోయాను. అక్కడి వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "మీకు తెలిసినవాళ్ళా అమ్మా?" అని అడిగాడు. నవ్వొచ్చింది కానీ, ఒక్క క్షణం ఔననబోయాను కూడా.

ఈ తిరుగుళ్ళన్నిటికీ మా అక్క సుగుణ నాతో వచ్చేది. బొమ్మలంటే అక్కకు ప్రత్యేకంగా ఇష్టమేం లేదు. హాల్లోకి అడుగుపెట్టగానే కుర్చీ ఎక్కడుందో చూసుకునేది. "నువ్వు చూసుకోవే, నేను కూర్చుంటా" అనేది. బయటికొచ్చాక ఎలా ఉన్నాయంటే, "బాగున్నాయి, ఫ్యాన్లు కూడా బాగా తిరుగుతున్నాయి" అనేది.

మా అమ్మ నా తొమ్మిదో ఏట పోయింది. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. జడ వేసిందీ, అన్నం పెట్టిందీ, తిట్టిందీ అన్నీ తనే. అక్క లేకపోతే నేనేమయ్యేదాన్నో నాకు తెలీదు.

నాకు రంగులు కలపడం నేర్పినవారు పరంధామయ్యగారు. ఎన్ని మ్యూజియాలు తిరిగినా నాకిష్టమైన చిత్రకారుడు ఎవరంటే ఆయన పేరే చెబుతాను. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో, మేడమీద ఒక్క గది. కింద టోకు బట్టల కొట్టు. చనిపోయినవాళ్ళ చిన్న ఫోటో తెస్తే దాన్ని చూసి పెద్ద ఆయిల్ బొమ్మ వేసి ఇచ్చేవారు. గుడివాడ నుంచీ, అవనిగడ్డ నుంచీ కూడా వచ్చేవాళ్ళు. ఆదివారాలు నాలాంటి నలుగురైదుగురికి పాఠం చెప్పేవారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బతికున్నవాళ్ళ బొమ్మ వేస్తే కంట్లో తెల్లచుక్క పెట్టేవారు కాదు. ఎవరెంత బతిమాలినా సరే. "ఆ వెలుగు ఇంకా వాళ్ళ దగ్గరే ఉందిగా. అది తీసి నేను గుడ్డ మీద పెట్టకూడదు" అనేవారు. ఆ మనిషి పోయాక, పెద్దకర్మ లోపు ఇంట్లోవాళ్ళు పటం తీసుకొచ్చేవారు. క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూడికకు ముందు తెచ్చేవారు. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, కూర్చుని, రెండు చుక్కలు పెట్టి పంపేవారు. ఆ తర్వాతే దానికి దండ.

ఆయన చుక్క గుండ్రంగా ఉండేది కాదు. బియ్యపు నూకలాగా, కాస్త ఏటవాలుగా, కింద సన్నటి తోకతో ఉండేది. నేను ఏళ్ళతరబడి ప్రయత్నించాను, రాలేదు. నాది గుండ్రంగానే వచ్చేది.

ఆదివారం పాఠానికి నన్ను అక్కే తీసుకెళ్ళేది. నేను గీసుకుంటుంటే కిటికీ పక్క కుర్చీలో మూడు గంటలు కూర్చునేది. తన ఆదివారాలన్నీ అలాగే అయిపోయాయి. అలా కూర్చున్న అక్కనే ఒకసారి పరంధామయ్యగారు బొమ్మ వేశారు. ఇరవై రెండేళ్ళ అక్క, నీలం ఓణీ, ఒళ్ళో నా పుస్తకాల సంచి. ఎంత బాగుంటుందో చెప్పలేను. కళ్ళు మాత్రం చుక్కల్లేకుండా, చీకటి గదిలోకి చూస్తున్నట్టు ఉండేవి. ఆ బొమ్మ మా ఇంట్లోనే ఉంటుంది.

ఈ చుక్కల పద్ధతి మీద నాకు ఏనాడూ గౌరవం లేదు. మళ్ళీ ఒకసారి జనాన్ని తన గదికి రప్పించుకునే ఎత్తు అని ఆయన ముందే అనేదాన్ని. ఆయన నవ్వేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

పోయిన చలికాలంలో ఆయన పాత శిష్యులం కొందరం కలిసి, ఊళ్ళో చిన్న హాలు తీసుకుని ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టాం. మాలో మూర్తిగారని ఒకాయన ఉన్నారు, ఇప్పుడు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తారు. పరుగులన్నీ ఆయనవే. కుటుంబాలను అడిగి పదకొండు పటాలు తెచ్చారు. పన్నెండోది మా అక్కది. ఆ పదకొండు మందీ పోయినవాళ్ళు, అందరి కళ్ళలోనూ చుక్కలున్నాయి.

ప్రదర్శన రోజు పొద్దున పటాలన్నీ తగిలించాక మూర్తిగారు అక్క బొమ్మ ముందు ఆగారు.

"మేడమ్, అన్నిట్లోకీ ఇదే గొప్ప బొమ్మ. కానీ కళ్ళు చూస్తే గుడ్డివాళ్ళ కళ్ళలా ఉన్నాయి. పేపర్లవాళ్ళు ఫోటోలు తీస్తారు. మీరే కాస్త పూర్తి చేయకూడదూ?"

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అదీ నా తెలివి. ఇన్నేళ్ళూ ఆ కళ్ళను చూసినప్పుడల్లా నా చెయ్యి దురద పెడుతూనే ఉంది. పాత పటాలు కదా, ఎక్కడెక్కడ రంగు లేచిపోయి ఉంటుందోనని రంగులు, కుంచెలు వెంట తెచ్చుకున్నాను. సన్న కుంచె తీసి, తెల్లరంగు ముంచి, కుడికంట్లో ఒకటి, ఎడమకంట్లో ఒకటి పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది, టైము పది నలభై ఆరు అని చూపిస్తుంది. రెండు చుక్కలూ గుండ్రంగా ఉన్నాయి.

బొమ్మ బతికింది. అక్క నన్నే చూస్తోంది. నాకు ఎంత సంతోషమేసిందో!

అక్క మధ్యాహ్నం వస్తానంది. బావగారు పోయాక కూడా తను ఇబ్రహీంపట్నంలోనే ఒంటరిగా ఉంటోంది. నా దగ్గరికి వచ్చెయ్యమంటే, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించకపోతే తనకు తోచదంటుంది. పన్నెండింటికి బస్సెక్కితే ఒంటిగంటకల్లా వచ్చేస్తానని, తను రాకుండా భోంచెయ్యొద్దని ముందురోజు ఫోన్లో చెప్పింది. చుక్కలు చూసి ఏమంటుందో చూద్దామని నేనేమీ చెప్పలేదు.

ఒంటిగంట అయింది. ఒంటిగంటన్నర అయింది. నేను వాకిట్లోకీ హాల్లోకీ తిరుగుతున్నాను.

అప్పుడు మేరీ రత్నంగారు వచ్చారు. ఆవిడ రిటైరైన నర్సు, గుడివాడ నుంచి వచ్చారు. ప్రదర్శనలో ఉన్న పటాల్లో ఒకటి వాళ్ళ నాన్నగారిది. దాని ముందు కాసేపు నిలబడి ప్రార్థన చేసుకున్నారు. తర్వాత ఒక్కో పటమే చూసుకుంటూ అక్క బొమ్మ దగ్గరికి వచ్చారు. కళ్ళలోకి పరీక్షగా చూసి, నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ అక్కయ్యగారు కదూ, టీచర్‌గారూ? పరంధామయ్యగారి మేడమీద చూసేదాన్ని, కిటికీ పక్కన కూర్చునేవారు. ఎప్పుడు పోయారమ్మా?"

పోలేదండీ, ఇప్పుడే వస్తోంది అన్నాను. ఆవిడ నా ముఖం చూశారు, మళ్ళీ పటం చూశారు. "మరి చుక్కలు పెట్టి ఉన్నాయే" అన్నారు. నేనే పెట్టానన్నాను. ఆవిడ నా చెయ్యి మెల్లగా వదిలేసి పక్కకు వెళ్ళారు. ఆ వదలడం నాకు నచ్చలేదు.

అక్కకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పక్కింటావిడకు చేశాను. "మీ అక్కగారు పన్నెండింటికే తాళం వేసుకుని వెళ్ళారండీ. ఫోను లోపలే మోగుతోంది, మాకు వినపడుతోంది" అంది.

పన్నెండింటికి బయల్దేరిన మనిషి రెండున్నరైనా రాలేదు. ఇబ్రహీంపట్నం ఏమన్నా కాశీనా? మూర్తిగారు తెలిసినవాళ్ళను బైకు మీద ఆ దారిలో పంపిస్తానన్నారు. పంపించారు కూడా. వాళ్ళు మూడుంపావుకు ఫోన్ చేసి, దారిలో యాక్సిడెంట్లేమీ లేవు, బస్సులు మామూలుగానే వస్తున్నాయని చెప్పారు. అది విని ఊపిరి పీల్చుకోవాలి కదా! నాకు ఇంకా భయమేసింది.

ముఖం కడుక్కుని హాల్లోకి తిరిగి వచ్చేసరికి మూర్తిగారు తెప్పించిన బంతిపూల దండలు వచ్చాయి. తెచ్చిన కుర్రాళ్ళు పటాలన్నిటికీ వేసేశారు. పన్నెండు పటాలు, పన్నెండు దండలు. అక్క పటానికి కూడా.

ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. చుక్కలున్న పటాలకు దండ వేశారు, అంతే. వేసేలా చేసింది నేను. దండ మధ్యలోంచి అక్క నన్ను చూస్తోంది. పొద్దున సంతోషపెట్టిన చూపు అదే, ఇప్పుడు దాన్ని తట్టుకోలేకపోయాను.

వెళ్ళి దండ లాగేశాను. పూలు కిందపడ్డాయి, జనం చూశారు. చూడనీ అనుకున్నాను. సంచిలోంచి టర్పెంటైన్ తీసి, గుడ్డ తడిపి, చూపుడువేలికి చుట్టుకున్నాను. "మేడమ్, ఏం చేస్తున్నారు?" అంటూ మూర్తిగారు పరిగెత్తుకొచ్చారు. గోడమీద గడియారం నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువగా ఉంది. ఈ టైము తర్వాత చాలా ముఖ్యమైంది, అందుకే చెబుతున్నాను.

కుడికంటి చుక్క ఒక్క తుడుపుతో వచ్చేసింది. పచ్చిగానే ఉంది. ఉండాలి కూడా, ఆయిల్ రంగు ఐదు గంటల్లో ఆరదు.

ఎడమకంటిది రాలేదు.

ఇంకోసారి తుడిచాను. గట్టిగా రుద్దాను. గుడ్డకు చిటికెడు తెలుపు కూడా అంటలేదు. గోటితో గీరితే గోరు జారిపోయింది. ఏ ముప్ఫై ఏళ్ళ కిందటో వేసి, ఆరి, గట్టిపడిపోయిన రంగులా ఉంది. అదే ట్యూబు, అదే కుంచె, ఒక్క నిమిషంలో పెట్టిన రెండు చుక్కలు. రంగులు కలుపుకునే నా ప్లేటు మీద మిగిలిన తెల్లరంగు ముద్ద వేలితో తాకి చూశాను. పచ్చిగానే ఉంది.

అప్పుడు కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూశాను. ఆ చుక్క గుండ్రంగా లేదు. ఏటవాలుగా, నూకలా, కింద సన్నటి తోకతో ఉంది.

ఫోన్ తీసి పొద్దున ఫోటో పెద్దది చేసి చూశాను. అందులో గుండ్రంగానే ఉంది. మూర్తిగారికి చూపించాను. ఆయన ఫోన్ వంకా పటం వంకా రెండు మూడుసార్లు చూశారు. ఆయన కూడా ఆ చుక్క ఎవరిదో గుర్తుపట్టారని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. పటం గోడమీంచి తీసి, వెనక గదిలో పెట్టి వచ్చారు.

నేను వాకిట్లో మెట్ల మీద కూలబడ్డాను. ఏ దేవుణ్ణీ మొక్కే అలవాటు లేదు కాబట్టి ఎవరిని పిలవాలో తెలియలేదు. మేరీ రత్నంగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంటుంటే, వద్దనడానికి నాకు మనసు రాలేదు.

నాలుగూ నలభైకి గేటు ముందు ఆటో ఆగింది. అక్క దిగింది.

లేచి వెళ్ళి కౌగిలించుకున్నాను. తర్వాత నలుగురిలోనూ నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క తిట్లన్నీ తిని, "నీళ్ళివ్వవే ముందు" అంది. కుర్చీ కోసం చూసి, కూర్చుంది. ఆ తర్వాత చెప్పింది. అక్క మాటలు ఇక్కడ ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"పొద్దున పప్పులో పోపు వేస్తున్నానే. పదకొండు కూడా అయ్యుండదు. ఉన్నట్టుండి రెండు కళ్ళలోనూ తెల్లగా చుక్క పడింది. ఎటు చూస్తే అటు వస్తోంది. కళ్ళు కడుక్కున్నా పోలేదు. నువ్వు అన్నం తినకుండా కూర్చుంటావు, ఎందుకులే అని బయల్దేరా. ఆ గాభరాలో ఫోను మర్చిపోయా. బస్సులోకి వచ్చేసరికి మరీ ఎక్కువైంది, మనుషుల ముఖాలు కనపడటం లేదు. భయమేసి గొల్లపూడిలో దిగిపోయా. ఒక మందుల షాపు ముందు కుర్చీ ఉంటే కూర్చున్నా. ఎంతసేపు కూర్చున్నానో! నాలుగవుతుందనగా కుడికన్ను టక్కున తేటపడింది, ఎవరో తుడిచినట్టు. ఎడమది మాత్రం అలాగే ఉంది. సరే, ఒక కన్ను చాల్లే అని ఆటో ఎక్కా."

అక్కకు చుక్కల సంగతి నేను చెప్పలేదు. ఫోను ఇంట్లో ఉంది కాబట్టి ఇంకెవరూ చెప్పే వీలూ లేదు. అప్పటికి తను పటం కూడా చూడలేదు.

మర్నాడే కంటి డాక్టరుకు చూపించాం. ఎడమకంట్లో సన్నటి రక్తనాళం ఒకటి మూసుకుపోయిందన్నారు. వయసు, బీపీ, ఇలాంటివి మామూలే అన్నారు. ఆ మాట పట్టుకుని ఒక వారం ధైర్యంగా ఉన్నాను. కానీ మరి కుడికంట్లో ఐదు గంటలు ఏం జరిగిందని అడిగితే, ఆయన మళ్ళీ లైటు వేసి చూశారు. కుడికంట్లో ఏ లోపమూ లేదు. ఇలాంటివాళ్ళకు నల్లగా కనపడుతుంది కానీ తెల్లగా కనపడుతోందని ఎవరూ చెప్పలేదే అని కూడా ఆయనే అన్నారు.

నేను ఊరుకునే మనిషిని కాదు. అదే ట్యూబు, అదే కుంచెతో ఇంట్లో పాత కాన్వాసు మీద రెండు చుక్కలు పెట్టి రోజూ తాకి చూశాను. ఐదోరోజుకు కూడా వేలికి అంటాయి. రెండూ గుండ్రంగానే ఉన్నాయి. బహుశా నేనే ఎడమ చుక్కను తుడుస్తూ సాగదీశానేమో, ఫోటోలో సరిగా పడలేదేమో అని నాకు నేనే ఎన్నో చెప్పుకున్నాను. కానీ తుడుపుకే లొంగని చుక్క సాగేదెలా? నిమ్మకాయ రక్తం గుట్టు విప్పినదాన్ని, ఇది మాత్రం విప్పలేకపోయాను. పరంధామయ్యగారు నా తప్పును దిద్దారా, లేక నేను మొదలుపెట్టింది పూర్తి చెయ్యబోయారా అన్నది కూడా తెలీదు. పోయినవాళ్ళు దిద్దడమేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. ఆ వెంటనే మళ్ళీ అదే ఆలోచన.

ఎడమ చుక్కను బ్లేడుతో గీకెయ్యొచ్చు. ఆ పని నాకు వచ్చు. రెండుసార్లు బ్లేడు చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ గీకితే చుక్కతోపాటు కింద ఉన్న నల్లగుడ్డు కూడా లేచి వస్తే? బ్లేడు పక్కన పెట్టేశాను.

ఇప్పుడు అక్క నా దగ్గరే ఉంటోంది. ఎడమకంట్లో ఆ తెలుపు అలాగే ఉంది. చీకట్లో కూడా కనపడుతుందట. అలవాటైపోయిందిలే అంటుంది.

అంతా దాచకుండా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. పటం తెప్పించుకుని, కుడికంటితో చాలాసేపు చూసింది. తన బొమ్మను తను అంతసేపు చూడటం అదే మొదటిసారి. తర్వాత అంది:

"బాగానే పెట్టావు గానీ, తొందరపడ్డావే. ఆయనా లేడు, రేపు నేను పోతే రెండోది ఎవరు పెడతారు? నువ్వే పెట్టాలి. ఇంకొకళ్ళకు ఇవ్వకు."

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. అలాంటి మాటలు మాట్లాడితే పటం తీసుకెళ్ళి కాలవలో పడేస్తానన్నాను. ఆ వారమే తెల్లరంగు ట్యూబులన్నీ మూర్తిగారికి ఇచ్చేశాను. ఇంట్లో తెలుపు లేకుండా నేను వేసే బొమ్మలన్నీ ఇప్పుడు దిగులుగా ఉంటున్నాయి.

దెయ్యాలున్నాయా అని అడిగితే ఈరోజుకీ లేవనే అంటాను. ఆరోజు జరిగిందేమిటంటే మాత్రం నాకు తెలీదు. పెడతానని అక్కకు నేను ఇంతవరకూ మాటివ్వలేదు. ఆదివారాలు నేను బొమ్మ ముందేసుకుంటే, అక్క కిటికీ పక్కన కుర్చీ లాక్కుంటుంది. మొన్న ఆదివారం మళ్ళీ అడిగింది. నేను తల ఎత్తకుండా గీసుకుంటూనే ఉన్నాను.

"తొందరేం లేదులేవే" అంది అక్క. "నువ్వు గీసుకో, నేను కూర్చుంటా."